సిలువ: శబ్దము, చిహ్నము

తెలుఁగున సిలువ యను పదము సంస్కృతసమమును గాదు, దేశ్యమును గాదు. శకారాదిగా 'శిలువ' యని వ్రాయువారును గలరు గాని, ఆ వ్రాఁతను జూచి శిలాశబ్దముతో దీనికి సంబంధము గల్పించుట పొరపాటు. ఇది సిరియకు భాషనుండి వచ్చిన మాట. ఆ భాషలో వ్రేలాడఁదీయుట యను నర్థముగల ధాతువునుండి 'స్లీబా' యను నామము పుట్టినది. కేరళమునందలి సిరియను క్రైస్తవులు నేఁటికిని దీనిని 'స్లీవా' యని పలుకుచున్నారు. తమిళమున నిది 'సిలువై' యైనది. తెలుఁగురూపము తమిళరూపమునకు మిక్కిలి దగ్గఱిది. అరబ్బీలోని 'సలీబ్' ఆ ధాతుకుటుంబములోనిదే. హైదరాబాదున ఉర్దూ మాటాడువాఁడు సలీబ్ అన్నను, గుంటూరున తెలుఁగు మాటాడువాఁడు సిలువ యన్నను, ఇరువురును ఒక్క ధాతువునే యుచ్చరించుచున్నారు. ఐరోపా వర్తకులు తెచ్చిన మాట కాదిది. అంతకుఁ బూర్వమే పశ్చిమాసియానుండి సముద్రముమీఁదుగా దక్షిణదేశమునకు వచ్చిన క్రైస్తవసంప్రదాయము దీనిని దెచ్చినది.

సువార్తలు వ్రాయఁబడిన గ్రీకు భాషలో దీనికి 'స్టౌరోస్' అని పేరు. హోమరు కావ్యములలో ఈ మాటకు నేలలోఁ బాఁతిన నిటారు గుంజ యనియే యర్థము. కంచెకు నాటిన గుంజలకు ఆ మాట వాడఁబడినది. తరువాతనే యది మనుష్యులను వ్రేలాడఁదీయు మ్రానునకుఁ జెల్లెను. లాటినున దీనిని 'క్రుక్స్' అందురు. అర్థమునుబట్టి చూచినచో తెలుఁగున దీనికి సమీపమైన పదములు కొఱ్ఱు, కొఱుత యనునవి. ఐనను రెంటికిని భేదము గలదు. కొఱుత దేహమును గ్రుచ్చుకొని పోవును. రోమకుల మ్రానునకు దేహమును మేకులతోనో త్రాళ్లతోనో తగిలించి, ప్రాణము మెల్లమెల్లఁగాఁ బోవునట్లు విడిచెదరు. తెలుఁగునకు ఈ కథ వచ్చినప్పుడు కొఱుత యను మాటను విడిచి సిలువ యను మాటనే నిలుపుకొనుట యుచితమే యైనది. కాని యొక నష్టము లేకపోలేదు. కొఱుత యన్నప్పుడు వినువానికిఁ గలుగు జుగుప్స సిలువ యన్నప్పుడు కలుగదు. మొదటి శతాబ్దిలో స్టౌరోస్ అను మాట వినినవానికిఁ గలిగినది ఆ జుగుప్సయే. ఈ చిహ్నచరిత్రము తెలియవలెనన్న ముందుగా దానిని మనసునకుఁ దెచ్చుకొనవలెను.

ఈ శిక్ష రోమకులు కనిపెట్టినది కాదు. బాబిలోనును రెండవమాఱు పట్టుకొన్న దరయవుసు సుమారు 3,000 మంది పౌరముఖ్యులను మ్రాఁకులకెక్కించెనని హెరోడోటసు వ్రాసెను. కార్తేజివారును దీనిని వాడిరి. రోమకులు దానిని బానిసలకును, తిరుగుబాటుదారులకును, బందిపోటులకును ప్రత్యేకించిరి. క్రీ. పూ. 71లో స్పార్టకసు తిరుగుబాటు అణఁగిన పిదప, కాపువానుండి రోముదాఁకఁ గల బాటపొడుగునను 6,000 మంది బానిసలను వ్రేలాడఁదీసిరని అప్పియను చరిత్రకారుఁడు చెప్పుచున్నాఁడు. క్రీ. పూ. 70లో సిసిలీ మాజీ పాలకుఁడగు వెర్రెసుపై నేరము మోపిన సిసెరో, అతని దుష్కృత్యము లన్నిటిలో ఘోరమైనదిగా నొకదానిని వర్ణించెను. గావియుసు అను రోమకపౌరుని, తాను పౌరుఁడనని మొఱపెట్టుచుండఁగనే, ఇటలీతీరము కంటికి గానవచ్చుచోట మ్రానున కెక్కించుటయే యది. సిలువ యను పేరుకూడ రోమకపౌరుని చెవికిని కంటికిని దూరముగా నుండవలెనని యాతఁడే మఱియొక వాదమునఁ జెప్పెను.

శిక్షితుఁడు అడ్డదూలమును తానే మోసికొనిపోవలెను. నిటారు గుంజ వధ్యస్థానమున ముందే నాటఁబడియుండుట వాడుక. ఇందుకు గ్రంథప్రమాణములు పెక్కులు గాని, భౌతికసాక్ష్యము చిరకాలము దొరకలేదు. 1968లో యెరూషలేమునకు ఉత్తరమున గివాత్ హమివ్తార్ అనుచోట నొక సమాధిగుహలో, రాతి యెముకలపెట్టెయందు యెహోహానాన్ అనువాని మడమయెముక దొరకినది. సుమారు 11.5 సెంటీమీటర్ల ఇనుపమేకు దానియందు దిగియే యున్నది. మేకుకొన వంగిపోవుటచేతనే దానిని ఊడఁదీయలేక అట్లే పూడ్చిరి. ఇంతటి సాక్ష్యము మిగులుటయే యరుదు. సిలువవేయఁబడినవారికి సాధారణముగా సమాధియే దక్కదు.

ఇట్టి శిక్షకుఁ బాత్రుఁడైనవాఁడు దేవుఁడని చెప్పుట విన్నవారికి హాస్యాస్పదముగాఁ దోఁచెను. మ్రానుమీఁద వ్రేలాడఁదీయఁబడినవాఁడు శాపగ్రస్తుఁడని యూదుల ధర్మశాస్త్రమగు ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. క్రీ. శ. 55 ప్రాంతమున కొరింథువారికి వ్రాసిన పత్రికలో పౌలు, ఈ బోధ యూదులకు అడ్డంకిగాను గ్రీకులకు వెఱ్ఱితనముగాను ఉన్నదని తానే యొప్పుకొనెను. ఒప్పుకొని దానినే ముఖ్యబోధగాఁ బట్టెను. అవమానమును దాఁచక చాటుట యాతని పద్ధతి. ఇట్టి విపర్యయము భారతము చదివినవారికి బొత్తిగాఁ గ్రొత్తది కాదు. ఆదిపర్వమునందు మౌనియైన మాండవ్యుని దొంగలతోఁబాటు రాజభటులు కొఱుత వేసిరి. రాజు తప్పు తెలిసికొని శూలమును దీయింపఁబోఁగా రాలేదు. కోయింపఁగా తునుక దేహముననే నిలిచెను. నాఁటనుండి యాయన అణిమాండవ్యుఁడయ్యెను. నిరపరాధికి వేసిన శిక్షయే యాతని పేరగుట యచ్చటను గలదు. కాని అణి చిహ్నము కాలేదు, సిలువ చిహ్నమయ్యెను. అదియు వెంటనే కాలేదు.

ఈ విలంబమే విచారింపఁదగిన విషయము. క్రీస్తు మరణించిన పిమ్మట సుమారు మూఁడు శతాబ్దులు క్రైస్తవులు సిలువను బహిరంగముగాఁ జిత్రించుట మిక్కిలి యరుదు. క్రీ. శ. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియావాఁడగు క్లెమెంటు, క్రైస్తవులు ముద్రయుంగరములపైఁ జెక్కించుకొనఁదగిన గుఱుతులను జెప్పుచు పావురమును, చేఁపను, ఓడను, వీణను, లంగరును బేర్కొనెను, సిలువను బేర్కొనలేదు. యూఫ్రటీసు తీరమున దూరా యూరోపోసు పట్టణమునఁ గల గృహదేవాలయము క్రీ. శ. 256 ప్రాంతమున పట్టణముతోఁబాటు పాడుపడినది. త్రవ్వకములలో దాని గోడచిత్రములు బయటపడినవి. గొఱ్ఱెలకాపరి కలఁడు; పక్షవాతరోగిని లేవనెత్తుట కలదు; నీటిమీఁద నడచుట కలదు; సిలువ కథ లేదు. రోమునందలి భూగర్భసమాధులలోని తొలిచిత్రములును ఇట్టివే. హింసాభయముచేత దాఁచిరని కొందఱు చెప్పుదురు. అది పూర్తిసమాధానము గాదు. నేలక్రింద తమవారు తప్ప నన్యులు చూడని సమాధులలో భయమెందులకు? ఆ శిక్ష ఇంకను నడిరోడ్డున నమలులో నుండఁగా దాని రూపమును గోడమీఁద వ్రాయుటకుఁ జేయి రాకపోవుటయే యసలు కారణమని చెప్పుట యుక్తము.

చేయి చిత్రింపకున్నను, నోరును నుదురును ఊరకుండలేదు. ఆఫ్రికాలోని కార్తేజివాఁడగు టెర్టులియను క్రీ. శ. 211 ప్రాంతమున వ్రాసినదానినిబట్టి చూడఁగా, నాఁటి క్రైస్తవులు ఇల్లు వెడలునప్పుడు, చెప్పులు తొడుగునప్పుడు, భోజనమునకుఁ గూర్చుండునప్పుడు, దీపము పెట్టునప్పుడు నుదుటిపై వ్రేలితో ఆ గుఱుతును గీచుకొనుచుండిరి. గాలిలో గీచిన గీఁత శాసనమువలె నిలువదు గనుక తవ్వకములలో దొరకదు. ఈ యాచారమునకు మూలమొకటి యెహెజ్కేలు ప్రవక్త గ్రంథమునఁ గలదు. అందు నీతిమంతుల నుదుట 'తావు' అక్షరమును వేయుమని యాజ్ఞ. హీబ్రూ వర్ణమాలలోఁ గడపటిదగు ఈ యక్షరము ప్రాచీనలిపిలో రెండు గీఁతలు ఖండించుకొన్న యాకారముననే యుండెను.

అక్షరములతోడి యీ విలాసము బర్నబా పేరఁ జెల్లు పత్రికలో మఱింత వింతగాఁ గన్పట్టును. అబ్రాహాము తన యింటివారు 318 మందిని వెంటఁదీసికొని యుద్ధమునకుఁ బోయెనని ఆదికాండము. గ్రీకులు అక్షరములనే యంకెలుగా వాడుదురు. కటపయాదిసంఖ్య నెఱిఁగినవారికి ఇందుఁ గ్రొత్త లేదు. 10కి అయోట, 8కి ఈట. ఈ రెండును యేసునామమునకు మొదటి యక్షరములు. 300కు టౌ, అది సిలువయాకారము. కాఁబట్టి అబ్రాహాము నాఁడే సిలువను ఎఱిఁగియుండెనని పత్రికాకర్త సిద్ధాంతము. అబ్రాహాము గ్రీకు చదువలేదన్నమాట యాయనకుఁ దట్టలేదు. యుక్తి దుర్బలమైనను సాక్ష్యము ప్రబలము: చిత్రమునకు ఎంతో ముందే సిలువ యొక నిశ్చితాకారముగా మనసులలో నిలిచియుండెనని దీనివలనఁ దెలియును. క్రీ. శ. 155 ప్రాంతపు జస్టిను మార్టరు ఓడకొయ్యలోను, నాఁగటిలోను, చేతులు చాఁచిన మనుష్యునిలోను, రోమకసేనల ధ్వజములలోను దానినే చూచెను.

వ్రాఁతకాండ్రు మఱియొక మార్గమును ద్రొక్కిరి. సుమారు క్రీ. శ. 200–250 నడుమ వ్రాయఁబడినవని పలువురు పండితులు చెప్పెడు గ్రీకు సువార్తప్రతులు మూఁడింటఁ – బోద్మరు సంపుటములు రెంటను, డబ్లిను నగరముననున్న చెస్టర్ బీటీ సంపుటమునను – స్టౌరోస్ అను పదమును, సిలువవేయుట యను క్రియను వ్రాయుచోట్ల నడిమి యక్షరములగు టౌ, రో యనువానిని ఒకదానిపై నొకటి యెక్కించి వ్రాసిరి. టౌ గీఁతపై రో వలయము నిలుచుటచే, చేతులు చాఁచిన మనుష్యునికి తల పెట్టినట్లు కన్పట్టును. ఇది సంక్షేపలేఖనమే యని కొందఱును, సిలువపై క్రీస్తుయొక్క తొలిచిత్రమే యని కొందఱును వాదింతురు. ఆ సంయుక్తాక్షరము క్రైస్తవులకు ముందును సంక్షేపమునకై వాడుకలో నున్నది. ఐనను అన్ని పదములుండఁగా ఈ పదముననే, అందును పెక్కు ప్రతులలో, దానిని నిలుపుట యూరక జరిగినదని నమ్ముట కష్టము.

గోడమీఁద స్పష్టమైన సిలువచిత్రము గీచిన తొలివారిలో నొకఁడు భక్తుఁడు గాక శత్రువగుట విచిత్రము. 1857లో రోమునందలి పాలటైను కొండపై, రాజసేవకులు వసించిన యింటిగోడ పూఁతపై, మేకుతో గీచిన బొమ్మయొకటి దొరకినది. సిలువపై నొక మనుష్యుఁడు, వానికి గాడిదతల. ప్రక్కన నొక యువకుఁడు చేయెత్తి మ్రొక్కుచున్నాఁడు. అలెక్సమెనోసు తన దేవుని పూజించుచున్నాఁడని క్రింద వంకరటింకర గ్రీకక్షరములలో హేళన. కాలము నిశ్చయముగాఁ జెప్పరాదు, సుమారు క్రీ. శ. 200 నాఁటిదని పలువురి మతము. క్రైస్తవులు గాడిదతలను పూజింతురను నపవాదమును టెర్టులియనుకూడ పేర్కొని ఖండించెను. ఆ యింటనే మఱియొక గదిలో, వేఱు చేతివ్రాఁతతో, అలెక్సమెనోసు విశ్వాసి యని లాటినున నొక మాట గీయఁబడియున్నది. అది యలెక్సమెనోసు వ్రాసిన ప్రత్యుత్తరమో, వాని మిత్రుఁడు వ్రాసినదో, మఱియొక హేళనయో తెలియదు. పాఠశాలగోడలపై పిల్లలు వ్రాసికొను వ్రాఁతలవంటిది. కాని పెద్దల గ్రంథములకంటెను నాఁటి లోకాభిప్రాయమును దేటపఱచుచున్నది.

క్రీ. శ. 312 అక్టోబరు 28న మిల్వియను వంతెనకడఁ గాన్‌స్టంటైను మాక్సెంటియసును జయించెను. సిలువ చరిత్రమున నిదియే మూలఘట్టమని సామాన్యముగాఁ జెప్పఁబడును. సాక్ష్యములను వేర్వేఱుగాఁ జూచుట మంచిది. యుద్ధమైన కొలఁది సంవత్సరములకే వ్రాసిన లాక్టాంటియసు, స్వప్నాజ్ఞచే చక్రవర్తి డాళ్లపై నొక గుఱుతు వేయించెనని మాత్రము చెప్పెను. ఆకాశమున వెలుఁగు సిలువ కనఁబడెనను కథ యూసెబియసు వ్రాసిన కాన్‌స్టంటైను చరిత్రమునందున్నది. అది చక్రవర్తి 337లో మరణించిన పిమ్మటి రచన. తాను సంఘచరిత్రమున ఈ యుద్ధమునే ముందు వర్ణించినప్పుడు యూసెబియసే ఈ దర్శనమును జెప్పలేదు. ఇఁక ధ్వజమునకెక్కిన గుఱుతు శిక్షమ్రాను గాదు. క్రీస్తునామమునకు మొదటి గ్రీకక్షరములగు ఖీ, రో యనువాని కలయిక. 315 నాఁటి టిసినము వెండిపతకముపై చక్రవర్తి శిరస్త్రాణమునఁ గనఁబడునదియు అదియే. కాన్‌స్టంటైను సిలువకుఁ జేసిన గొప్ప యుపకారము వేఱొకటి: సిలువశిక్షను ఆతఁడు మాన్పించెనని అరేలియసు విక్టరును, సొజోమెనుసును వ్రాసిరి. కన్నులఁజూచిన బీభత్సము ఒకటి రెండు తరములకు మఱపున పడెను. ఆ మఱపులోనుండియే చిహ్నము తలయెత్తెను. 350 ప్రాంతమున రోమున శవపేటికలపై జయమాలిక నడుమ నామాక్షరములును, దానిక్రింద శూన్యమైన సిలువయు, దానిపాదమున నిద్రించు సైనికులును జెక్కఁబడుచుండిరి. ఇది యోడినవాని మ్రాను గాదు, జయస్తంభము.

ఇదే కాలమున యెరూషలేమున మ్రానునకే పూజ మొదలైనది. కాన్‌స్టంటైను తల్లి హెలెనా దానిని కనుగొన్నదను కథ లోకప్రసిద్ధము. ఐనను ఆమె తీర్థయాత్రను విపులముగా వర్ణించిన యూసెబియసు ఆ మాట యెత్తలేదు. 350 ప్రాంతమున యెరూషలేము బిషపగు సిరిలు, ఆ మ్రానితునుకలు లోకమంతట వ్యాపించినవని చెప్పెను. హెలెనా పేరుతోఁ గథ కనఁబడుట 395లో అంబ్రోసు చేసిన ప్రసంగమునందు. మ్రాను ముందు, కథ వెనుక యని తేలుచున్నది. 381–384 నడుమ అచ్చటికిఁ బోయిన ఎగేరియా యను యాత్రికురాలు కన్నులఁజూచినట్లు వ్రాసెను: శుక్రవారమునాఁడు బిషపు మ్రాను రెండుకొనలును చేతఁబట్టి కూర్చుండును, జనులు వరుసగా వచ్చి నుదుటను కన్నులను తాఁకించి ముద్దుగొని పోదురు, పరిచారకులు చుట్టును కావలి. ఎందులకనఁగా నొకప్పుడొకఁడు ముద్దుపెట్టుకొను నెపమున నొక ముక్కను కొఱికి యెత్తుకొనిపోయెనఁట.

గౌరవము హెచ్చినకొలఁదిని నియమములు పుట్టినవి. 427లో రెండవ థియొడోసియసు చక్రవర్తి, క్రీస్తుచిహ్నమును నేలపై చెక్కుటను వ్రాయుటను నిషేధించెను. 692 నాఁటి సభయు కాలితొక్కుడు పడునని సిలువనే పేర్కొని మరల నిషేధించెను. వాకిట ముగ్గులలో శుభచిహ్నములను నేలమీఁదనే వ్రాయు తెలుఁగువారికి ఈ నిషేధము క్రొత్తగాఁ దోఁచును.

సిలువపై దేహమును జూపుట యన్నిటికంటె వెనుకటిది. 430 ప్రాంతపు రోము సాంత సబీనా దేవాలయపు కొయ్యతలుపులపైనను, ఆ కాలపుదే యగు బ్రిటిషు మ్యూజియము దంతపుఫలకముపైనను క్రీస్తు కన్నులు తెఱచి సజీవుఁడై యున్నాఁడు. సాంత సబీనా తలుపుపైనైతే సిలువయే చక్కగాఁ గానరాదు. మృతుఁడై తలవాల్చిన క్రీస్తు పెద్దవిగ్రహముగా కొలోను నగరమున గేరో సిలువయందుఁ గనఁబడుట 970 ప్రాంతమున. అనఁగా మరణమునకుఁ దొమ్మిది శతాబ్దులకుఁ బైఁబడిన పిమ్మట.

సిలువ క్రైస్తవులు కల్పించినది కాదనియు, బాబిలోను దేవతయగు తమ్మూజు పేరి మొదటి యక్షరమునుండి దొంగిలించినదనియు పందొమ్మిదవ శతాబ్దిలో స్కాట్లండు మతబోధకుఁడు అలెగ్జాండరు హిస్లాపు వాదించెను. ఆ వాదము నేఁటికిని వినవచ్చుచున్నది. రెండు గీఁతలు ఖండించుకొనుట లోకమంతటను గలదు. కర్నూలు మండలపు ఎఱ్ఱగుడి యందలి యశోకశాసనములను చదువుచో అడుగడుగునను సమభుజముల సిలువయాకారము కనఁబడును. అది బ్రాహ్మీలిపిలోని కకారము. అశోకుఁడు క్రైస్తవుఁడని గాని, క్రైస్తవులు కకారమును బూజింతురని గాని యెవరును జెప్పరు. ఆకారసామ్యము వంశసామ్యము గాదు. అరువు నిజముగాఁ గలచోట దానికి సాక్ష్యమును గలదు. ఐగుప్తుదేశపు క్రైస్తవులు తమ పూర్వుల జీవచిహ్నమగు 'అంఖ్' అను పిడిగల సిలువను ఎఱిఁగియే గైకొనిరి. 391 ప్రాంతమున అలెగ్జాండ్రియాలోని సెరాపియను దేవాలయము కూలఁగొట్టినప్పుడు ఆ యాకారపు చిత్రాక్షరములు బయటపడఁగా, అవి మావని రెండు మతములవారును వాదించుకొనిరని సోక్రటీసు అను సంఘచరిత్రకారుఁడు వ్రాసెను. అరువు తెచ్చుకొన్నది రూపమును. అర్థము వారికి అంతకు మున్నే కలదు.

దక్షిణదేశమున ఈ చరిత్రమునకు శిలాసాక్ష్యము చెన్నపట్టణమునకుఁ జేరువనే యున్నది. పరంగిమల యనఁబడు సెయింటు థామసు కొండపై 1547లో పోర్చుగీసువారు దేవాలయమునకై పునాదులు త్రవ్వుచుండఁగా నొక చెక్కుడురాయి దొరకినది. నడుమ సిలువ, కొనలు మొగ్గలవలె విచ్చియున్నవి, అడుగున ఆకులు, పైనుండి దిగుచున్న పావురము, చుట్టును స్తంభములతోడి తోరణము, తోరణముపొడవునను పహ్లవీలిపి. సిలువపై దేహము లేదు. పండితులు దీనిని సామాన్యముగా ఆఱవ శతాబ్దికిని తొమ్మిదవ శతాబ్దికిని నడిమిదిగా నెంతురు. పారసీకదేశపు సిరియకు సంఘము పంపిన సంప్రదాయమిది. సిలువ యను మాటకును పుట్టినిల్లు ఆ సిరియకు భాషయే. లేఖనమును 1873లో బర్నెలు చదివెను. తరువాత పలువురు వేర్వేఱుగాఁ జదివిరి. చదువులు పరస్పరము కలియవు. ఇట్టి శిలలు కేరళమునను గలవు. వానిలోఁ గొట్టాయము పెద్దపల్లియందలి రెంటిలో నొకదానిమీఁద పహ్లవీతోఁబాటు సిరియకు లిపిలో నొక పంక్తి చెక్కఁబడియున్నది. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలోని మాటయది: సిలువయందుఁ దప్ప మఱి దేనియందును తాను అతిశయింపనని దాని భావము.